ఎండాకాలంలోనూ చెరువు నిండుగా ఉందా? అయితే వానాకాలంలో జాగ్రత్త.. ఎఫ్‌టీఎల్, బఫర్, మత్తడి, నాలా అసలు లెక్క ఇదీ!

హైదరాబాద్ చుట్టుపక్కల ప్లాట్ కొనాలన్నా, ఫ్లాట్ బుక్ చేసుకోవాలన్నా ఇప్పుడు ముందుగా వచ్చే ప్రశ్న ఒక్కటే.. "ఎఫ్‌టీఎల్‌లో లేదు కదా?" ఒకప్పుడు ఇరిగేషన్ ఇంజినీర్లు, రెవెన్యూ వాళ్లు మాత్రమే వాడే ఈ మాట 2024 జులైలో హైడ్రా ఏర్పాటైన తర్వాత ఇంటింటికీ చేరిపోయింది. కూల్చివేతల వీడియోలు చూసినవాళ్లకైతే ఎఫ్‌టీఎల్ అంటేనే భయం పట్టుకుంది. కానీ అసలు ఎఫ్‌టీఎల్ అంటే ఏంటి, బఫర్ ఎందుకు, మత్తడి ఎటువైపు ఉంటుంది అని అడిగితే మాత్రం చాలామంది తడబడతారు.

ఈ లెక్క తెలియకపోతే నష్టం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి.. ఏళ్ల తరబడి కూడబెట్టిన డబ్బుతో కొన్న ఇల్లే పోవచ్చు. రెండోది.. ఇల్లు అన్ని పర్మిషన్లతో రూల్ ప్రకారమే ఉన్నా, గట్టి వానొస్తే గ్రౌండ్ ఫ్లోర్ మునిగిపోవచ్చు. మొదటి దాని గురించి రోజూ చర్చ నడుస్తోంది. రెండో దాని గురించి మాత్రం వాన పడిన రోజు తప్ప ఎవరూ మాట్లాడట్లేదు. రెండింటికీ మూలం ఒకటే కాబట్టి ఆ కథేంటో చూద్దాం.

చెరువు అంటే ఒక్క గుంట కాదు.. గొలుసు

తెలంగాణ చెరువులు వాటంతట అవే ఏర్పడిన సరస్సులు కావు. నేల వాలు చూసి, నీళ్లు పారే దారికి అడ్డంగా కట్ట పోసి మనుషులు కట్టుకున్నవి. కాకతీయుల కాలంలో బాగా విస్తరించిన పద్ధతి ఇది. ఎగువన ఉన్న చెరువు నిండితే మత్తడి దూకుతుంది. దీన్నే కొన్ని చోట్ల అలుగు అంటారు. ఆ నీళ్లు కాల్వ పట్టుకుని కింది చెరువుకు వెళ్తాయి. అదీ నిండితే ఇంకో చెరువుకు. ఇలా ఒకదాని తర్వాత ఒకటి నిండుతూ చివరికి వాగులో, నదిలో కలుస్తాయి. అందుకే వీటిని గొలుసుకట్టు చెరువులు అంటారు.

చెరువంటే మనకు కనిపించే నీళ్లు, కట్ట మాత్రమే కాదు. పైన వాన పడే నేల, అక్కడి నుంచి నీళ్లు తెచ్చే కాల్వ, పొలాలకు నీళ్లు వదిలే తూము, ఎక్కువైన నీళ్లు దూకే మత్తడి, అవి వెళ్లే దారి.. ఇవన్నీ కలిస్తేనే చెరువు. ఊళ్లలో తూము ఎప్పుడు తీయాలి, ఎప్పుడు మూయాలి అని చూసుకోవడానికి నీరటి అని ఒక మనిషి ఉండేవాడు. సిటీలో ఇప్పుడు ఆ పని ఎవరిది అంటే.. సమాధానం చెప్పడం అంత ఈజీ కాదు. దాని సంగతి తర్వాత చూద్దాం.

ఎఫ్‌టీఎల్ అంటే దూరం కాదు.. ఎత్తు

ఎఫ్‌టీఎల్ అంటే ఫుల్ ట్యాంక్ లెవెల్. నీళ్లు మత్తడి అంచు దాకా వచ్చినప్పుడు చెరువు ఎంత మేర పరుచుకుంటుందో, ఆ గీతే ఎఫ్‌టీఎల్ హద్దు. వానాకాలం బులెటిన్లలో "హుస్సేన్ సాగర్ ఫుల్ ట్యాంక్ లెవెల్ 513.41 మీటర్లు, ఉస్మాన్ సాగర్ 1,790 అడుగులు, హిమాయత్ సాగర్ 1,763.50 అడుగులు" అని చదివేది దీన్నే. ఇవి చెరువు లోతులు కావు, సముద్ర మట్టం నుంచి లెక్కేసిన ఎత్తులు.

ఇక్కడే చాలామంది మోసపోతారు. చెరువుకు కట్ట ఉన్న వైపు లోతుగా ఉంటుంది, ఎదురు వైపు నేల చదునుగా ఉంటుంది. ఆ చదును వైపు ప్రతి 200 మీటర్లకు ఒక మీటరే వాలు ఉందనుకోండి. నీటి మట్టం అర మీటరు పెరిగితే చాలు, నీళ్లు 100 మీటర్లు ముందుకొచ్చేస్తాయి. ఏప్రిల్‌లో సైట్ చూడ్డానికి వెళ్తే అదంతా పిల్లలు క్రికెట్ ఆడుకునే గ్రౌండ్‌లా కనిపిస్తుంది. "చెరువు అదిగో, అక్కడెక్కడో ఉంది సార్" అని చూపిస్తారు. అక్టోబర్‌లో అదే చోటు నీళ్లలో ఉంటుంది. సైట్ విజిట్లు ఎండాకాలంలోనే జోరుగా ఎందుకు జరుగుతాయో ఒకసారి ఆలోచించండి.

పట్టా ఉంది కదా.. మరి ఎందుకు కట్టకూడదు?

ఈ ప్రశ్నకు జవాబు శిఖం అనే ఒక్క మాటలో ఉంది. చెరువు గర్భంలో, నీళ్లు నిలిచే చోట ఉన్న భూమిని రెవెన్యూ రికార్డుల్లో శిఖం అని రాస్తారు. ఇందులో సర్కారు శిఖం ఉంటుంది, పట్టా శిఖం కూడా ఉంటుంది. అంటే చెరువు లోపలి భూమికి ప్రైవేటు వాళ్ల పేరు మీద నిజంగానే పట్టా ఉండొచ్చు. అది దొంగ కాగితమేం కాదు. నీళ్లు వెనక్కి తగ్గినప్పుడు వాళ్లు అక్కడ పంట వేసుకోవచ్చు. కానీ మట్టి పోసి పూడ్చడానికి, బిల్డింగ్ కట్టడానికి వీల్లేదు.

భూమి ఎవరిది అనేది ఒక ప్రశ్న. ఆ భూమిలో ఏం చేయొచ్చు అనేది వేరే ప్రశ్న. రిజిస్ట్రేషన్ మొదటి దానికి సంబంధించిన కాగితం మాత్రమే. "రిజిస్ట్రేషన్ అయింది, కరెంట్ మీటర్ వచ్చింది, ఇంటి పన్ను కూడా కడుతున్నాం, ఇప్పుడొచ్చి అక్రమం అంటే ఎలా?" అని బాధితులు అడిగే మాటలో న్యాయం లేకపోలేదు. ఆ పనులు చేసిపెట్టిందీ ప్రభుత్వ శాఖలే కదా. కానీ వాటిలో ఏదీ రెండో ప్రశ్నకు జవాబు కాదు.

30 మీటర్లు, 9 మీటర్లు, 2 మీటర్లు

ఎఫ్‌టీఎల్ గీత దాటాక మొదలయ్యేదే బఫర్. 2012లో ఉమ్మడి రాష్ట్రంలో వచ్చిన బిల్డింగ్ రూల్స్, అంటే జీవో 168లో ఈ లెక్క స్పష్టంగా ఉంది. 10 హెక్టార్లు, అంటే దాదాపు 25 ఎకరాలు, అంతకంటే పెద్ద చెరువైతే ఎఫ్‌టీఎల్ హద్దు నుంచి 30 మీటర్లు వదలాలి. అంతకంటే చిన్న చెరువు, కుంట అయితే 9 మీటర్లు. నాలా లేదా వాగు వెడల్పు 10 మీటర్లు దాటితే దాని అంచు నుంచి 9 మీటర్లు, 10 మీటర్ల లోపైతే 2 మీటర్లు. నది అయితే మున్సిపల్ పరిధిలో 50 మీటర్లు, బయట 100 మీటర్లు.

మీటర్ల సంగతి ఇలా ఉంటే, గమనించాల్సింది ఇంకోటుంది. ఈ రూల్ ఎఫ్‌టీఎల్ గీత మీద ఆధారపడింది. ఆ గీత ఎక్కడుందో ఖరారు కాకపోతే 30 మీటర్లు ఎక్కడి నుంచి కొలవాలి? హెచ్ఎండీఏ పరిధిలో 3 వేలకు పైగా చెరువులు, కుంటలు ఉన్నాయి. వీటి హద్దులు తేల్చడానికి 2010లోనే లేక్ ప్రొటెక్షన్ కమిటీ వేశారు. సర్వే చేసి ముందు ప్రిలిమినరీ నోటిఫికేషన్ ఇస్తారు, అభ్యంతరాలు తీసుకుంటారు, తర్వాత ఫైనల్ చేస్తారు. పనైతే ఏళ్ల తరబడి సాగుతూనే ఉంది. హైకోర్టు పదే పదే అడగాల్సి వచ్చింది. హద్దురాళ్లు ముందు రావాలి, బుల్డోజర్ తర్వాత రావాలి. మన దగ్గర చాలా చోట్ల ఇది తిరగబడింది.

ఒక్క ఎకరంలో ఎన్ని నీళ్లు?

10 సెంటీమీటర్ల వాన పడితే ఒక్క ఎకరంలో దాదాపు 4 లక్షల లీటర్ల నీళ్లు పడతాయి. అంటే 5 వేల లీటర్ల ట్యాంకర్లు 80. ఆ ఎకరం పొలమో, చెట్లున్న నేలో అయితే కొంత ఇంకుతుంది, కొంత మళ్లలో ఆగుతుంది, మిగిలింది మెల్లగా కదులుతుంది. అదే ఎకరం మొత్తం సిమెంట్, టైల్స్, రేకులు అయితే ఆ 80 ట్యాంకర్లలో దాదాపు అన్నీ నిమిషాల్లోనే రోడ్డెక్కుతాయి. హైదరాబాద్ కింద ఉన్నది గ్రానైట్ రాయి. నీళ్లు ఇంకేది పైన ఉన్న కొద్దిపాటి మట్టిలో, రాయి పగుళ్లలోనే. అది కూడా మూసేస్తే వానాకాలంలో వరద, ఎండాకాలంలో ట్యాంకర్ బుకింగ్.. రెండూ ఒకే ఇంటికి వస్తాయి.

ఇక చెరువు వైపు నుంచి చూద్దాం. సగటున 2 మీటర్ల లోతున్న చోట ఒక్క ఎకరం పూడ్చేస్తే 80 లక్షల లీటర్ల నీళ్లకు చోటు పోయినట్టే. ఇందాకటి లెక్కలో చెప్పాలంటే 20 ఎకరాల మీద పడే 10 సెంటీమీటర్ల వాన. ఆ నీళ్లు ఎక్కడికీ మాయం కావు. పక్క కాలనీలోకి వెళ్తాయి.

అసలు సమస్య.. చెరువు ఎప్పుడూ నిండుగా ఉండటం

ఇది వినడానికి వింతగా ఉంటుంది. చెరువు నిండుగా ఉంటే మంచిదే కదా అనిపిస్తుంది. పల్లెలో అది నిజం, ఎందుకంటే అక్కడ ఆ నీళ్లు ఖర్చవుతాయి. వానాకాలంలో నిండిన చెరువు పంటకు నీళ్లిస్తూ ఎండాకాలానికి తగ్గిపోతుంది. మళ్లీ జూన్‌లో వానొచ్చేసరికి చెరువులో బోలెడు చోటు ఖాళీగా ఉంటుంది. వరదను పట్టుకునేది ఆ ఖాళీనే.

సిటీలో ఏమైంది? ఆయకట్టు పొలాలు కాలనీలయ్యాయి. నీళ్లు అడిగే రైతు లేడు కాబట్టి తూము మూసుకుపోయింది. మరోవైపు ఎగువ కాలనీల డ్రైనేజీ అంతా చెరువులోకే. వాన ఉన్నా లేకపోయినా మురుగు 365 రోజులూ వస్తుంది. దాంతో మే నెలలోనూ చెరువు నిండుగా ఉంటుంది, పైన గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంటుంది. తొలి గట్టి వానకే మత్తడి దూకుతుంది. అంటే చెరువు ఉన్నట్టే కనిపిస్తుంది కానీ వరద ఆపే పని మాత్రం ఎప్పుడో ఆగిపోయింది.

దీనికి మనం చేస్తున్న వైద్యం కూడా తేడాగానే ఉంది. అర్బన్ ల్యాండ్‌స్కేప్ అనగానే మనకు గుర్తొచ్చేది లాన్, ఫౌంటెన్, లైటింగ్, సెల్ఫీ పాయింట్. చెరువు చుట్టూ రింగు బండ్ పోసి వాకింగ్ ట్రాక్ వేస్తారు. ఆ బండ్ ఎఫ్‌టీఎల్ లోపల నుంచి పోతే చెరువు చిన్నదైపోతుంది. వచ్చే కాల్వకు అడ్డంగా పోతే వాన నీళ్లు లోపలికే రావు. పైగా ట్రాక్ మీద నడిచేవాళ్లకు నిండు చెరువు కనిపించాలి కాబట్టి వానాకాలం ముందు నీళ్లు దించుదామంటే ఒప్పుకునేవాళ్లుండరు. వాకింగ్ ట్రాక్ వద్దని కాదు. కాలనీ వాళ్లు రోజూ నడిచే చోట ఆక్రమణలు అంత తేలిగ్గా జరగవు, అదీ ఒక లాభమే. కానీ ఒక చెరువుకు డబ్బులొస్తే ఖర్చు చేయాల్సిన వరస వేరు. ముందు మురుగును పక్కకు మళ్లించే పైపులైన్, తర్వాత వచ్చే కాల్వ, మత్తడి, వెళ్లే కాల్వ, గేటు ఉన్న తూము. బెంచీలు, లైట్లు ఆఖరికి.

గొలుసు తెగితే ఏమవుతుందో మూడుసార్లు చూశాం

2000 ఆగస్టు 24న బేగంపేటలో ఒక్క రోజులో 24 సెంటీమీటర్ల వాన పడింది. హుస్సేన్ సాగర్ కింద, నాలాల పక్కన ఉన్న బస్తీలు మునిగాయి. నాలాలు వెడల్పు చేయాలని 2003లో కిర్లోస్కర్ కమిటీ రిపోర్ట్ ఇచ్చింది. దాన్ని చాలా ఏళ్లు పక్కన పెట్టేశారు.

2020 అక్టోబర్ 13 గుర్తుండే ఉంటుంది. ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన. గగన్‌పహాడ్ దగ్గర అప్ప చెరువు కట్ట తెగి ఎయిర్‌పోర్ట్ వైపు వెళ్లే బెంగళూరు హైవే కొట్టుకుపోయింది. నాలుగు రోజుల తర్వాత మళ్లీ వాన పడితే బాలాపూర్ గుర్రం చెరువు కట్ట తెగి పాతబస్తీ కాలనీల్లోకి నీళ్లొచ్చాయి. టోలీచౌకి నదీమ్ కాలనీలో షా హాతిం చెరువు నీళ్లు రోజుల తరబడి నిలిచిపోయాయి. రాష్ట్రంలో 70 మంది చనిపోయారని అప్పటి ప్రభుత్వం చెప్పింది. ఆ దెబ్బతోనే 2021లో ఎస్‌ఎన్‌డీపీ పేరుతో నాలాల పనులు మొదలయ్యాయి.

ఈ రెండింటికీ ముందు 1908 ఉంది. ఆ ఏడాది సెప్టెంబర్ 28న మూసీ వరదలో 15 వేల మంది దాకా చనిపోయారని అంచనా. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలోని చింతచెట్టు ఎక్కి 150 మంది ప్రాణాలు దక్కించుకున్న కథ అందరికీ తెలుసు. కానీ ఆ తర్వాత నిజాం ప్రభుత్వం పిలిపించిన మోక్షగుండం విశ్వేశ్వరయ్య ఏం లెక్కేశారో చాలామందికి తెలియదు. మూసీ పరీవాహకంలో 788 చెరువులుంటే వాటిలో 221 తెగిపోయాయని ఆయన తేల్చారు. పైన ఒక చెరువు తెగితే ఆ నీళ్లన్నీ ఒక్కసారిగా కింది చెరువు మీద పడతాయి. అదీ తెగుతుంది. అలా గొలుసు మొత్తం తెగుకుంటూ వచ్చి సిటీ మీద పడింది.

విశ్వేశ్వరయ్య ఇచ్చిన ప్లాన్‌లో మనం నేర్చుకోవాల్సింది ఒకటుంది. వరదను సిటీ మధ్యలో గోడ కట్టి ఆపాలని ఆయన అనలేదు. సిటీకి ఎగువనే పట్టుకునేలా రిజర్వాయర్లు కట్టాలన్నారు. అలా 1920లో ఉస్మాన్ సాగర్, 1927లో హిమాయత్ సాగర్ పూర్తయ్యాయి. సిటీలో నది ఒడ్డున బాగా ఎత్తు పెంచిన గట్లు, వాటి వెంట రోడ్లు, తోటలు ఉండాలని సూచించారు. 1912లో సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డ్ ఏర్పాటైంది. ఇరుకు బస్తీలు, డ్రైనేజీ, రోడ్లు, పార్కులు అన్నీ ఒకే చేతి కింద చూసిన బోర్డ్ అది. వందేళ్ల తర్వాత మనం మళ్లీ అలాంటి ఒకే చెయ్యి కోసం వెతుక్కుంటున్నాం.

ఆ రెండు రిజర్వాయర్లు ఉన్నాయని నిశ్చింతగా ఉండటానికీ లేదు. అవి నిండాక గేట్లు ఎత్తక తప్పదు. 2025 సెప్టెంబర్ 26 రాత్రి అదే జరిగింది. మూసీ పొంగి ఎంజీబీఎస్ బస్టాండ్‌లోకే నీళ్లొచ్చేశాయి, ప్రయాణికులను బయటకు తేవాల్సి వచ్చింది.

111 జీవో గొడవ ఎందుకంటే..

ఈ జంట జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల మేర, 84 గ్రామాల్లో పెద్ద కట్టడాలు, పరిశ్రమలు రాకుండా 1996 మార్చిలో 111 జీవో తెచ్చారు. ఆ పరిధిలో ఓ నూనె పరిశ్రమ పెట్టుకునే విషయం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. లక్షల మంది తాగే నీళ్లతో ప్రయోగాలు కుదరవంటూ 2000 డిసెంబర్‌లో కోర్టు పరిశ్రమకు నో చెప్పింది. ముందు జాగ్రత్త సూత్రం గురించి మాట్లాడేవాళ్లు దేశంలో ఎక్కడైనా ఈ కేసు ప్రస్తావిస్తారు.

2022 ఏప్రిల్‌లో జీవో 69తో ఆ ఆంక్షలు సడలించారు. కృష్ణా, గోదావరి నీళ్లు వస్తున్నాయి కాబట్టి జంట జలాశయాల మీద సిటీ ఇక పెద్దగా ఆధారపడట్లేదన్నది ప్రభుత్వం వాదన. తాగునీటి వరకు ఆ వాదనలో కొంత అర్థం ఉంది. పాతికేళ్లు భూమి అమ్ముకోలేక, ఇల్లు కట్టుకోలేక ఇబ్బంది పడ్డ ఆ గ్రామాల రైతుల గోడు కూడా నిజమే. కానీ ఆ రెండూ ముందు కట్టింది తాగునీటికి కాదు, వరద ఆపడానికి. ఎగువన 84 గ్రామాల నేల సిమెంట్ అయిపోతే గేట్లు ఎత్తాల్సిన రోజులు పెరుగుతాయి. ఈ లెక్కను పక్కనపెట్టి తాగునీటి లెక్క ఒక్కటే చూపిస్తే సరిపోదు.

పక్క రాష్ట్రంలో.. బుడమేరు

ఇది హైదరాబాద్ కథ మాత్రమే కాదు. 2024 సెప్టెంబర్ 1న విజయవాడ సింగ్ నగర్ ఎలా మునిగిందో చూశాం. బుడమేరు మామూలుగా కొల్లేరు వైపు పోయే వాగు. వరద వస్తే వెలగలేరు దగ్గర మళ్లించి, డైవర్షన్ కెనాల్ ద్వారా ప్రకాశం బ్యారేజీ ఎగువన కృష్ణాలో కలుపుతారు. కానీ ఆ రోజు కృష్ణాలోనే చరిత్రలో లేనంత వరద, బ్యారేజీ దగ్గర 11 లక్షల క్యూసెక్కులకు పైగా. కెనాల్ గట్లకు గండ్లు పడ్డాయి. నీళ్లు తమ పాత దారి వెతుక్కున్నాయి. ఆ దారిలో అప్పటికే ఇళ్లున్నాయి.

చైనా 'స్పాంజ్ సిటీ' మనకు పనికొస్తుందా?

సిటీల్లో వరదల గురించి ఎక్కడ చర్చ జరిగినా ఈ మాట వస్తుంది. నీళ్లను పైపుల్లో వేగంగా బయటకు పంపేయడం కాకుండా, స్పాంజ్‌లా పడ్డ చోటే పీల్చుకునేలా పార్కులు, చిత్తడి నేలలు, పల్లపు తోటలు పెట్టడమే ఈ పద్ధతి. చైనాకు చెందిన ల్యాండ్‌స్కేప్ ఆర్కిటెక్ట్ కోంగ్‌జియాన్ యూ దీనికి పెద్ద పేరు తెచ్చారు. ఆయన 2025 సెప్టెంబర్‌లో బ్రెజిల్‌లో జరిగిన విమాన ప్రమాదంలో చనిపోయారు.

స్పాంజ్ సిటీతో అన్నీ సెట్ అయిపోతాయని అనుకోవద్దు. ఆ కార్యక్రమం కింద భారీగా ఖర్చు చేసిన ఝెంగ్‌ఝౌ నగరంలో 2021 జులై 20న గంటలో 20 సెంటీమీటర్ల వాన పడితే మెట్రో రైల్లోకి నీళ్లొచ్చాయి. అంత వానకు ఏ స్పాంజ్ ఆగదు. కానీ ఏటా నాలుగైదు సార్లు పడే 5, 6 సెంటీమీటర్ల వానకే మన రోడ్లు చెరువులవుతున్నాయి చూడండి, అక్కడ ఇది బాగా పనిచేస్తుంది. పైగా మనకు కొత్తగా కనిపెట్టాల్సిన పనీ లేదు. గొలుసుకట్టు చెరువే మన స్పాంజ్.

చిన్న చిన్న పనులు కూడా ఉన్నాయి. లేఅవుట్‌లో పార్కుకు, ఖాళీ స్థలానికి వదలాల్సిన చోటును పల్లంలో పెట్టి, రోడ్డు కంటే ఒక అడుగు కిందికి ఉంచితే వాన నీళ్లు ముందు అక్కడికి చేరతాయి. మన దగ్గర పార్కును మట్టి పోసి ఎత్తు చేస్తారు, చుట్టూ గోడ కడతారు. నీళ్లు రోడ్డు మీదే ఉండిపోతాయి. పాత రోడ్డు తవ్వకుండా దాని మీదే కొత్త రోడ్డు వేసి, ఇళ్లను రోడ్డు కంటే కిందికి దించేయడం ఇంకో ఘనకార్యం. పాత కాలనీల్లో ఇంట్లోకి రెండు మెట్లు దిగి వెళ్లాల్సి రావడానికి కారణం ఇదే. ఇంకుడు గుంతలు తప్పనిసరి అని 2002 నాటి వాల్టా చట్టమే చెబుతోంది. అపార్ట్‌మెంట్ల ప్లాన్‌లో అవి ఉంటాయి కూడా. ఏటా మే నెలలో పూడిక తీయిస్తున్న అసోసియేషన్లు ఎన్ని అన్నదే ప్రశ్న.

ఇంతకీ చెరువుకు ఓనర్ ఎవరు?

భూమి రికార్డు రెవెన్యూ దగ్గర. కట్ట, తూము, మత్తడి ఇరిగేషన్ దగ్గర. నోటిఫికేషన్, మాస్టర్ ప్లాన్ హెచ్ఎండీఏ దగ్గర. నాలా, బిల్డింగ్ పర్మిషన్ మున్సిపల్ శాఖ దగ్గర. మురుగు పైపులు జలమండలి దగ్గర. నీళ్ల నాణ్యత కాలుష్య నియంత్రణ మండలి దగ్గర. ఆక్రమణలు హైడ్రా దగ్గర. ఇందులో ఎవరికి ఫోన్ చేసినా ఇంకొకరి పేరు చెప్పే అవకాశం పుష్కలంగా ఉంది. గొలుసులోని రెండు చెరువులు రెండు సర్కిళ్లలో ఉంటే ఇక చెప్పక్కర్లేదు. మేనేజ్‌మెంట్ అనేది చెరువు వారీగా కాకుండా గొలుసు వారీగా ఉండాలి. పై చెరువు నుంచి మూసీ దాకా ఒకే ఇంజినీర్, ఒకే రికార్డు. నీరటి చేసిన పనిని ఇప్పుడు గేట్లు, కెమెరాలతో చేయొచ్చు.. ముందు ఆ పోస్ట్ ఉండాలి కదా.

చేస్తే ఏమవుతుందో చెప్పడానికి అంబర్‌పేట బతుకమ్మకుంట ఉంది. 1962-63 రికార్డుల్లో 14 ఎకరాలకు పైగా ఉన్న కుంట, చివరికి 5 ఎకరాల చిల్లరకు చేరింది. అది కూడా చెత్త, మట్టి, పిచ్చిచెట్లతో నిండిపోయింది. 2025 మొదట్లో హైడ్రా తవ్వకం మొదలుపెడితే లోపల నుంచి నీళ్లు పైకొచ్చాయి. అదే ఏడాది సెప్టెంబర్ చివర్లో బతుకమ్మ పండుగ వేళ కుంటను ప్రారంభించారు. అయితే పోయిన 9 ఎకరాలు మాత్రం ఎప్పటికీ తిరిగి రావు. అక్కడ ఇళ్లున్నాయి, మనుషులున్నారు.

కొనే ముందు ఇవి చూసుకోండి

మొదట గ్రామం పేరు, సర్వే నంబర్ అడగండి. వెంచర్ పేరు, ప్లాట్ నంబర్‌తో పని జరగదు. ఆ సర్వే నంబర్‌తో హెచ్ఎండీఏ లేక్స్ వెబ్‌సైట్‌లో మ్యాప్ చూడండి. ఫైనల్ నోటిఫికేషన్ అయిందా, ప్రిలిమినరీ దగ్గరే ఆగిందా కూడా తెలుస్తుంది. ప్రిలిమినరీ అయితే గీత మారే అవకాశం ఉందని అర్థం.. అటైనా, ఇటైనా.

రికార్డులో శిఖం, కుంట, వాగు, నాలా అన్న మాటలు ఎక్కడైనా ఉంటే అక్కడే ఆగండి. నిషేధిత జాబితా 22ఏలో ఉందేమో చూడండి. పాత గ్రామ నక్ష తీయించండి, అందులో కాల్వలు గీతలుగా కనిపిస్తాయి. ఇప్పుడు ఆ కాల్వ నేల మీద కనిపించకపోయినా నక్షలో ఉంటే అది ఉన్నట్టే. ఇరిగేషన్, రెవెన్యూ ఎన్‌వోసీ ఉందంటే కాపీ చేతికి తీసుకుని, అందులోని సర్వే నంబర్, మీరు కొంటున్న సర్వే నంబర్ ఒకటేనా అని చదవండి.

గూగుల్ ఎర్త్‌లో పాత ఏళ్ల ఫొటోలు ఫ్రీగా చూడొచ్చు. అయితే ఎండాకాలం ఫొటో కాదు.. బాగా వానలు పడిన ఏడాది సెప్టెంబర్, అక్టోబర్, నవంబర్ ఫొటోలు చూడండి. 2020 అక్టోబర్ తర్వాతవి దొరికితే ఇంకా మంచిది.

ఎఫ్‌టీఎల్‌లో లేదు, బఫర్‌లోనూ లేదు అని తేలాక కూడా ఒక ప్రశ్న మిగిలుంటుంది. ఈ చెరువు మత్తడి ఎటువైపు ఉంది, దూకిన నీళ్లు ఎటు పోతాయి? మత్తడి కింద, కట్ట కింద ఉన్న ప్లాట్లు చట్టం ప్రకారం క్లియర్‌గానే ఉండొచ్చు. నీళ్లకు ఆ సంగతి తెలియదు. దీనికి వెబ్‌సైట్ లేదు. ఆ ఊళ్లో అరవై దాటిన పెద్దాయన ఎవరినైనా "తాతా, మత్తడి దూకితే నీళ్లు ఎటు పోయేవి?" అని అడగడమే. కట్ట మైసమ్మ గుడి ఉందేమో కూడా చూడండి. ఆ గుడి ఉందంటే అక్కడ కట్ట ఉండేదన్నట్టే, ఇప్పుడు చెరువు కనిపించకపోయినా.

ఇప్పటికే కొనేసినవాళ్లు, లేదా కళ్లముందే కాల్వ పూడుస్తుంటే చూస్తున్నవాళ్లు ఫిర్యాదు చేయాలనుకుంటే బుద్ధభవన్‌లోని హైడ్రా ఆఫీస్‌లో సోమవారాల్లో ప్రజావాణి జరుగుతోంది. వెళ్లేటప్పుడు సర్వే నంబర్, చెరువు పేరు, నక్ష కాపీ, తేదీ కనిపించేలా తీసిన ఫొటోలు పట్టుకెళ్లండి. ప్రిలిమినరీ నోటిఫికేషన్ మీద అభ్యంతరం ఉంటే దాన్ని గడువులోపు రాతపూర్వకంగా ఇచ్చి, రసీదు తీసుకోండి.